ఇన్సూరెన్స్ మూట

ఎల్లస్వామి పికప్ బండిని కొన్నది భూపాలపల్లిలో. ఇన్సూరెన్స్ రేట్లు అడిగింది మహబూబాబాద్‌లో. చివరికి కట్టింది జనగామలో. అతను ఏ పనైనా ఇలాగే చేస్తాడు. రెండొందలు తక్కువకు వస్తుందంటే వంద కిలోమీటర్లు పోతాడు. డీజిల్ లెక్క మాత్రం వేసుకోడు.

బండి అంతకు ముందు ఒక బొగ్గు బావుల కాంట్రాక్టరు దగ్గర ఎనిమిదేళ్లు తిరిగింది. పెద్దవంగరలో తనకున్న ఎకరంన్నర భూమి కాగితాలు బ్యాంకులో పెట్టి దాన్ని తెచ్చుకున్నాడు. మిరప ఏరే కాలం దగ్గరపడింది. నెల్లికుదురు పక్క తండా నుంచి ఆడకూలీలను పొద్దున్నే ఎక్కించుకుని పెద్దవంగర చేలల్లో దింపాలి. సాయంత్రం మళ్లీ ఇంటికి చేర్చాలి. మధ్యలో మిర్చి బస్తాలు మోయాలి. ఒక్క సీజన్ సరిగ్గా ఆడితే సగం అప్పు తీరుతుంది.

జనగామలో రవాణా ఆఫీసు ఎదురుగా సంజీవ దుకాణం. ఒక టేబులు, ఒక ప్రింటరు, ఎప్పుడూ తిరగని ఫ్యాను. ఇన్సూరెన్స్ ఏజెంటుగా పదిహేనేళ్లుగా అక్కడే కూర్చుంటున్నాడు.

"జర అర్థమయ్యేటట్టు జెప్పు సంజీవన్నా. ఫస్ట్ పార్టీ, థర్డ్ పార్టీ అని అందరంటున్నరు. ఏది అగ్గువ?"

"ఫస్ట్ పార్టీ అయితే నీ బండికి దెబ్బ తాకినా కంపెనీ ఇస్తది. థర్డ్ పార్టీ అంటే నీ బండితోని ఇంకొకనికి దెబ్బ తాకితే వానికిస్తది. నీ బండి తుక్కు తుక్కు అయినా నీకేం రాదు. అగ్గువ గదే."

"గదే రాయి."

"రాస్త. గని ఒక ముచ్చట ఇను. కూలోళ్లను ఎక్కిస్తవా?"

"ఎక్కియ్యక? బండి కొన్నది ఇంటి ముందట నిలవెట్టి దండ ఎయ్యనీకా?"

సంజీవ పెన్ను కింద పెట్టాడు. "గిది సరుకు బండి. దీంట్ల ఎక్కిన కూలోళ్లకు ఏమన్న అయితే కంపెనీ ఒక్క పైస ఇయ్యది. కోర్టు నీ దగ్గర్నే వసూలు చేస్తది. బండి పోతది, ఆ ఎకరంన్నర గూడ పోతది. నా మాటిను. వీళ్లు నా కింద బస్తాలెత్తే మనుషులు అని రాయించి, మనిషికింత ఎక్కువ కట్టు. తలకాయకు ఒక సినిమా టికెట్టంత గూడ గాదు."

"పన్నెండు తలకాయలన్నా. నువ్వు గట్టవు గదా." ఎల్లస్వామి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అసలు బండిల కూసున్నోళ్లల్ల ఎవలకన్న ఇస్తదా కంపెనీ?"

"సరుకు ఎవలదో వాళ్లకిస్తది. రైతు తన బస్తాలతోని తనే వస్తున్నడనుకో, ముందు సీట్ల కూసుంటే వానికి వస్తది."

"సరుకు ఎంతుండాలె?"

"ఎంతని కాగితంల లేదు."

"కిలో ఉన్నా సరుకేనా?"

సంజీవ నవ్వాడు. "కిలో ఉన్నా సరుకే."

ఎల్లస్వామి నవ్వలేదు. "అగ్గువదే రాయన్నా," అన్నాడు.

మర్నాడు పెద్దవంగర మిరప చేల ఆసామి ప్రమీల దొరసాని కల్లంలో ఒక బస్తా తాలు కొన్నాడు. తాలంటే రంగు పోయి తెల్లబారిన మిరపకాయ. మార్కెట్లో దాన్ని ఎవరూ లెక్కచేయరు. పాత చీర చింపి, కిలో చొప్పున పన్నెండు మూటలు కట్టాడు. తండా దగ్గర బండి ఆపి, ఎక్కే ప్రతి ఆడమనిషి చేతిలో ఒక మూట పెట్టాడు.

కూలీల గుంపుకు పెద్ద పెంటమ్మ. మహిళా సంఘం పుస్తకాలు రాసేది కూడా ఆమే. మూటను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏంది ఎల్లన్నా, వాయినం ఇస్తున్నవా? పసుపు కుంకుమలేవి మరి?"

"నవ్వకుర్రి. ఎక్కంగ పట్టుకోవాలె, దిగంగ నాకియ్యాలె. తొవ్వల ఎవలన్న అడిగితే గిది మా సరుకు అనాలె."

"మా సరుకైతే ఇంటికి కొంటవోతం. కూరలకైతది."

"కొంటవోతే సేతులిరుగుతయ్."

ముందు సీట్లో కూర్చుంటేనే వర్తిస్తుందన్న మాట అతనికి గుర్తుంది. అయినా పన్నెండు మందిని ముందు సీట్లో కూర్చోబెట్టలేడు కాబట్టి ఆ మాట పక్కన పెట్టాడు. సంగతి తెలిశాక ఆడవాళ్లు ఆ మూటకు ఇన్సూరెన్స్ మూట అని పేరు పెట్టుకున్నారు. ఎత్తుకుని ఊపేవాళ్లు, జోల పాడేవాళ్లు. "నా బిడ్డ ఏడుస్తుందే, జర పట్టుకో" అని ఒకరి ఒళ్లోంచి ఒకరి ఒళ్లోకి వేసుకునేవాళ్లు. నెల రోజులు అలా నవ్వుకుంటూనే పోయారు.

నవ్వు ఆపింది చంద్రి. ఆమె తప్పేమీ లేదు. బీక్యా భార్య, ఇద్దరు పిల్లల తల్లి, ఏరడంలో చెయ్యి వేగం. ఒకరోజు బండి దిగుతూ, "పక్కూరి నరేశ్ బండికి పరదా ఉన్నది, కూసోనీకి బల్లలున్నయ్. రేపటిసంది దాంట్ల పోదమా అక్కా?" అని పెంటమ్మను అడిగింది. మెల్లగానే అడిగింది. ఎల్లస్వామి చెవిన పడింది.

రెండో రోజు సాయంత్రం అతను తక్కెడ తెచ్చాడు. దిగిన వాళ్ల మూటలు ఒక్కొక్కటే తూచాడు. అన్నీ తగ్గాయి. ఎండకు మిరపకాయ తూకం తగ్గుతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. నెల రోజులు ఎండలో తిరిగిన కాయ తగ్గకుండా ఎలా ఉంటుంది? పదకొండు మూటల గురించి అతను ఏమీ అనలేదు. చంద్రి మూట దగ్గర ఆగాడు. ముప్పావు కిలో ఉంది.

"పావు కిలో ఏదే?"

"ఎండిందన్నా. నేను మూట క్యాబిన్ మీద పెడత. గక్కడ ఎండ ఎక్కువ."

"అందరియి ఎండలె తిరిగినయ్. నీదే పావు కిలో ఎట్ల తగ్గింది? కొంగు దులుపు."

చంద్రి కొంగును నడుముకు ఇంకా గట్టిగా దోపుకుంది.

"దులుపుమంటున్న. దొంగవు గాకుంటే దులుపు."

అప్పటికే బీక్యా పిల్లను చంకనేసుకుని వచ్చి నిలబడ్డాడు. అతని కళ్ల ముందే చంద్రి కొంగు విప్పి దులిపింది. రెండు మిరప గింజలు రాలాయి. పొద్దంతా మిరప చేలో వంగిన ఏ ఆడదాని కొంగు దులిపినా రాలే గింజలే అవి. ఎల్లస్వామి వాటిని వేళ్లతో ఏరి, అరచేతిలో పెట్టుకుని పదకొండు మందికీ చూపించాడు.

"సూడుర్రి. దొంగను సూడుర్రి."

ఆడవాళ్లు సద్దిగిన్నెలు సర్దుకుని పక్కకు జరిగారు. మర్నాడు కూలికి పోవాలంటే బండి అదే. బీక్యా ముందుకు ఒక అడుగు వేశాడు. చంద్రి అతని చెయ్యి పట్టుకుని ఇంటి వైపు లాక్కెళ్లింది.

ఆ రాత్రి ఇంట్లో ఆమె ఒకే మాట అంది. "నేను తియ్యలే." నాకు తెలుసు అన్నాడు బీక్యా. "నీకు తెలిస్తే ఏం లాభం?" అంది చంద్రి. "ఆల్లకు తెల్వాలె."

మర్నాటి నుంచి ఎల్లస్వామి ఆమెను వెనక ఎక్కనివ్వలేదు. "దొంగ నా కండ్ల ముందట ఉండాలె" అని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. మూట ఒళ్లో, చేతులు మూట మీద. మూడు రోజులు అలా నడిచింది.

నాలుగో రోజు సాయంత్రం, ఇంకా వెలుగుండగానే తిరుగు ప్రయాణం. తొర్రూరు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. చంద్రి వేళ్లు మూట ముడి మీద కదులుతున్నాయి. ఎల్లస్వామి తల తిప్పి చూశాడు.

"ముడి ఎందుకు ఇప్పుతున్నవే?"

"ఇప్పుతలేనన్నా. గట్టిగ గడుతున్న."

అతను ఆ ముడిని ఇంకో క్షణం ఎక్కువ చూశాడు. బండి ఎడమ పక్క కల్వర్టు గోడను కొట్టింది. ఎడమ డోరు సీటులోకి వచ్చేసింది. వెనక ఉన్నవాళ్లకు దెబ్బలు, గీతలు. ఎల్లస్వామికి నుదుటి మీద నాలుగు కుట్లు. దవాఖానకు చేరేలోపే చంద్రి ప్రాణం పోయింది. మూటను మాత్రం ఆమె వేళ్లలోంచి విడదీయడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది.

మూడో రోజున ఎల్లస్వామి పంచనామా నకలు పట్టుకుని జనగామ పోయాడు. కుట్ల మీద పట్టీ అలాగే ఉంది. సంజీవ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. చదువుతుంటే అతని మొహం వెలిగింది.

"ముందు సీటు. ఒళ్లె మూట. 'తాలు మిరపకాయల మూట ఒకటి, తూకం ముప్పావు కిలో' అని పోలీసోళ్లే రాసిండ్రు. ఇంత పక్కా కేసు నేను పదిహేనేండ్లల్ల సూడలే ఎల్లస్వామీ! గా ముసలమ్మ పెంటమ్మ సచ్చిపోతే నువ్వు మునిగేటోనివి. ఆమె ఎనక కూసున్నది."

"అయితే కంపెనీ ఇస్తదా?"

"బీక్యా కోర్టుల కేసు ఏస్తడు. కంపెనీ ఎంక్వైరీకి మనిషిని పంపుతది. గా మనిషి ఒక్కటే అడుగుతడు, మిరపకాయ ఎవలది అని. బీక్యా మాదే అనాలె. ఏడికెల్లి వచ్చిందంటే కూలి కింద దొరసాని ఇచ్చింది అనాలె. ప్రమీల దొరసానితోని నేను మాట్లాడ్త. అంతే. పిల్లలకు లక్షలొస్తయ్. నీ భూమి నీకుంటది."

"అనకుంటే?"

"అనకుంటే ఆమె కూలిది. కూలిదైతే కంపెనీ పైస ఇయ్యది. నువ్వే కట్టాలె. ఏమున్నది నీ దగ్గర? గా బండి, గా ఎకరంన్నర. రెండు పోతయ్. అవి పోయినంక గూడ బీక్యాకు సగం గూడ అందది."

పదిహేనో రోజు ఇద్దరూ తండాకు వెళ్లారు. బీక్యా ఇంటి ముందు మంచం వేసి కూర్చోబెట్టాడు. నీళ్లిచ్చాడు. సంజీవ అంతా విడమరిచి చెప్పాడు. ఒక్క మాట అంటే చాలు, ఆ కాయ మాదే. బీక్యా చివరిదాకా విన్నాడు. తర్వాత సంజీవ వైపు కాకుండా ఎల్లస్వామి వైపు తిరిగాడు.

"ఆ దినం ఆమెది కాదన్నవ్. దొంగ అన్నవ్. ఇయ్యాల మాదే అనమంటున్నవ్. ఏది నిజమన్నా?"

"నిజంతోని ఏం పనిరా? పైసలొస్తయ్."

"కాగితం మీద మాదే అంటే, ఏడికెల్లి వచ్చిందని రేపు అందరడుగుతరు. నాకు చేను లేదు. దొంగతనం నేనే ఒప్పుకున్నట్టయితది." బీక్యా గొంతు పెరగలేదు. "నువ్వు ఒక పని చెయ్యన్నా. రేపు బండి కాడ, ఆ పదకొండు మంది ముందట, చంద్రి దొంగ గాదు, కాయ ఎండి తగ్గింది అని జెప్పు. నువ్వు గా మాట అను, నువ్వు చెప్పమన్న మాట నేను అంట."

సంజీవ ఎల్లస్వామి మోకాలి మీద చెయ్యి వేశాడు. "అను ఎల్లస్వామీ. ఏం పోతది?"

ఎల్లస్వామి మంచం మీంచి లేచాడు. "ఇయ్యాల తప్పైందంటే రేపటిసంది ఒక్కలు గూడ నా మాటినరు. అయినా సచ్చినామెకు పేరుతోని ఏం పనిరా? బతికున్న పిల్లల సంగతి సూస్కో."

బీక్యా ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లాడు. మళ్లీ బయటికి రాలేదు.

"అంటడు," అన్నాడు ఎల్లస్వామి బైకు స్టార్టు చేస్తూ. "లక్షలంటే ఎవడు అనడు?"

సంజీవ బీక్యా చేత కేసు వేయించాడు. రెండు నెలలకు కంపెనీ మనిషి వచ్చింది. పేరు పద్మలత. నలభై ఏళ్లుంటాయి. కాటన్ చీర, చేతిలో ఫైలు, మొహంలో పలకరింపు. పొద్దున ఏడు గంటలకే తండాలో దిగింది. అప్పటికి పోలీస్ స్టేషన్ నుంచి పికప్ విడిపించుకుని, ఎడమ డోరు మార్చుకుని ఎల్లస్వామి మళ్లీ కూలీలను తిప్పుతున్నాడు. చివరి ఏరుడు నడుస్తోంది. మూటలు ఎప్పటిలాగే క్యాబిన్‌లో ఉన్నాయి.

పద్మలత బీక్యా మంచం మీద కూర్చుంది. అతను నేల మీద కూర్చున్నాడు. ఎల్లస్వామి నలభై అడుగుల దూరంలో బండికి ఆనుకుని నిలబడ్డాడు. మాటలు వినపడటం లేదు. మొహాలు కనపడుతున్నాయి.

ఆమె ఏదో అడిగింది. బీక్యా తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అడిగింది. మళ్లీ అడ్డంగా ఊపాడు. ఎల్లస్వామి నోట్లోని వక్కపొడి ఉమ్మేశాడు. మూడోసారి ఆమె ముందుకు వంగి, చాలా మెల్లగా ఏదో అంది. బీక్యా ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. చెయ్యి పైకెత్తి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆగకుండా మాట్లాడాడు. పద్మలత రాస్తూనే ఉంది. మధ్యలో అతని భుజం తట్టి కూర్చోబెట్టింది. సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చింది. చివర్లో అతను సంతకం పెట్టాడు. ఆమె ఆ కాగితాన్ని చిన్న మిషన్‌లో పెట్టి నకలు తీసి అతని చేతికిచ్చింది.

కారు ఎక్కబోతూ పద్మలత ఎల్లస్వామి దగ్గర ఆగింది. "మీ బీక్యా చాలా మంచి మనిషండీ. ఒక్క అబద్ధం చెప్పలేదు."

ఎల్లస్వామి గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. చెప్పేశాడన్నమాట. లేచి, చెయ్యెత్తి, గట్టిగా చెప్పాడన్నమాట, కాయ మాదే అని.

బీక్యా కాగితం పట్టుకుని వచ్చాడు. రెండు నెలల తర్వాత అతని మొహంలో కాస్త వెలుగుంది.

"అన్నా, నాకు సదువు రాదు. నువ్వే సదవాలె. ఆ దినం అందరి ముందట అన్నవ్. ఇయ్యాల అందరి ముందట సదువు."

"ఇటు రాండ్రే!" ఎల్లస్వామి హుషారుగా పిలిచాడు. "అందరు ఇనుర్రి." ఆడవాళ్లు బండి దిగి చుట్టూ చేరారు. పెంటమ్మ అతని మోచేతి పక్కనే నిలబడింది. అతను గొంతు సవరించుకుని చదివాడు.

"ప్రశ్న: మీకు మిరప చేను ఉందా? జవాబు: లేదు.

ప్రశ్న: మీ భార్య ఎవరి దగ్గరైనా మిరపకాయ కొన్నదా, కూలి కింద తీసుకున్నదా? జవాబు: లేదు."

అతని గొంతు నెమ్మదించింది.

"సదువన్నా," అన్నాడు బీక్యా.

"ప్రశ్న: చేను లేదు, కొనలేదు. ఆమె దొంగ అని బండి యజమాని అందరి ముందు అన్నట్టు తెలిసింది. అయితే ఆ మిరపకాయ ఆమె దొంగిలించిందా? జవాబు: కాదు. నా భార్య పరాయి సొమ్ము ఎన్నడూ ముట్టలేదు."

ఆడవాళ్లలో ఎవరో ముక్కు చీదారు. ఎల్లస్వామి కళ్లు కింది వరుస మీదికి ముందే దిగాయి.

"ప్రశ్న: మరి ఆ మూట ఎవరిది? జవాబు: ఆ మూట..." కాగితాన్ని కాస్త తన వైపు తిప్పుకున్నాడు. "ఆ మూట మాదే."

"అట్ల లేదు గక్కడ," అంది పెంటమ్మ.

"నీకేం దెలుసే?"

"సంఘం బుక్కు పన్నెండేండ్ల సంది రాస్తున్న ఎల్లన్నా. ఇటియ్యి." కాగితం లాక్కుని, ఒక్కొక్క మాట విడిగా చదివింది. "జవాబు: ఆ మూట బండి యజమాని ఎల్లస్వామిది. ఎక్కేటప్పుడు అందరికీ ఒకటి ఇస్తాడు. దిగేటప్పుడు తీసుకుంటాడు. మా సరుకు అని చెప్పమంటాడు. ప్రశ్న: అయితే ఆమె బండిలో ఎందుకు పోతున్నది? జవాబు: కూలికి. పైన చెప్పినవన్నీ నిజం. చంద్రి దొంగ కాదు."

పెంటమ్మ ఆ చివరి వాక్యాన్ని మళ్లీ ఒకసారి చదివింది. ఎవరూ అడగలేదు. తనకు తానే చదివింది.

"ఆ కడ మాట నేనే రాయించిన," అన్నాడు బీక్యా. కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో దాచుకున్నాడు. జేబు మీద చెయ్యి అలాగే ఉంచి అడిగాడు. "నిజం చెప్పినవ్, కేసు ఇగ జల్ది తెగిపోతదన్నది మేడం. పైసలెప్పుడొస్తయన్నా?"

ఎల్లస్వామి అతన్ని చూశాడు. కొత్త డోరు మీద ఇంకా రంగు వేయించలేదు. ఇప్పుడు వేయించి లాభం లేదు.

"రావు," అన్నాడు. "నీకు కంపెనీ ఇయ్యది. నేనియ్యనీకి నా దగ్గర లేవు. ఉన్న బండి, ఉన్న భూమి బ్యాంకోళ్లు అమ్ముకుంటరు. మిగిలితే నీకింత పారేస్తరు. రాయించుకున్నవ్ గదా కాగితం? పొయ్యిల పెట్టి పిల్లలకు వండిపెట్టు."

బీక్యా చెయ్యి జేబు మీద నుంచి తీయలేదు. అర్థమవుతున్న కొద్దీ అతని మొహం మారింది. ఇంటి గడపలో నిలబడ్డ ఇద్దరు పిల్లల వైపు ఒకసారి చూశాడు. అయినా కాగితాన్ని బయటికి తీయలేదు.

ఎల్లస్వామి డ్రైవర్ సీట్లో కూర్చుని హారన్ కొట్టాడు. పొద్దెక్కుతోంది, అవతల చేలో కాయ ఎదురుచూస్తోంది. ఆ రోజు కూలి ఆ రోజుదే. ఆడవాళ్లు ఒక్కొక్కరే వెనక ఎక్కారు. ముందు సీటు వైపు ఎవరూ రాలేదు.

అందరికంటే చివర పెంటమ్మ ఎక్కింది. ఎక్కి, క్యాబిన్ అద్దం మీద వేలితో కొట్టింది.

"ఎల్లన్నా, మూటలియ్యవా ఇయ్యాల?"